ఆర్డర్లు పెరిగాయి, గల్లా ఖాళీ: చిన్న వ్యాపారంలో డబ్బు ఎక్కడ ఆగిపోతుంది?

క్లుప్తంగా: చిన్న వ్యాపారాలు చాలావరకు నష్టం వచ్చి కాదు, చేతిలో డబ్బు ఆడక ఇబ్బంది పడతాయి. సరుకుకు డబ్బు కట్టిన రోజుకూ, అమ్మిన సరుకుకు డబ్బు చేతికొచ్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులుంటే అంత పెట్టుబడి ఇరుక్కుంటుంది. అమ్మకాలు పెరిగేకొద్దీ ఇరుక్కునే మొత్తం కూడా పెరుగుతుంది. బాకీలు ఆలస్యం కాకుండా 2006 నుంచి చట్టం ఉంది, 2023లో పన్ను నిబంధన కూడా వచ్చింది. వాటి రక్షణ అందరికీ ఒకేలా అందదు. ఈ లెక్క ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎక్కడెక్కడ మార్చుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు

నెలాఖరున పుస్తకం తీస్తే లాభం కనిపిస్తుంది. అదే రోజు పనివాళ్లకు జీతాలివ్వడానికి ఎవరినో చేబదులు అడగాల్సి వస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మెషీన్లు నడిపేవారి నుంచి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్ల దాకా ఈ పరిస్థితి తెలియని యజమాని ఉండరు. పుస్తకంలో తప్పు లేదు, గల్లాలోనూ తప్పు లేదు. రెండూ వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. బిల్లు రాసిన రోజే అమ్మకం పుస్తకంలోకి ఎక్కుతుంది. డబ్బు మాత్రం కొనుక్కున్నవారు ఇచ్చినప్పుడే వస్తుంది.

పొద్దున్నే తెరిచే టిఫిన్ సెంటర్‌కు ఈ బాధ తక్కువ. ముందురోజు కొన్న మినప్పప్పు, బియ్యం, నూనె మర్నాడు మధ్యాహ్నానికల్లా డబ్బుగా మారిపోతాయి. పాలవాడికి వారానికోసారి, గ్యాస్‌కు సిలిండర్ తెచ్చినప్పుడు కడతారు. ఇడ్లీ మీద మిగిలేది కొద్దిగానే అయినా అదే పెట్టుబడి నెలలో ఎన్నోసార్లు తిరుగుతుంది. అందుకే కొద్దిపాటి సొమ్ముతో మొదలైన టిఫిన్ బండి కూడా అప్పు లేకుండా నిలబడగలదు.

మార్జిన్ ఒక్కదాన్నే చూసి ఏ వ్యాపారం మంచిదో తేల్చేయడం పొరపాటని చిన్న లెక్కతో తెలుస్తుంది. లక్ష రూపాయల సరుకు పెట్టిన కిరాణా దుకాణానికి 10 శాతం మిగులుతూ, నెలకోసారి సరుకు పూర్తిగా తిరిగితే ఏడాదిలో 1.2 లక్షలు వస్తాయి. అదే లక్షతో చీరల దుకాణం పెట్టి 30 శాతం మిగుల్చుకున్నా, సరుకు ఏడాదికి మూడుసార్లే తిరిగితే వచ్చేది 90 వేలు. రెండు చోట్లా అద్దె, కరెంటు ఇంకా తీసేయలేదు. మార్జిన్ మూడు రెట్లున్నా కిరాణాదే పైచేయి కావడానికి కారణం పెట్టుబడి తిరిగే వేగం. అయితే కిరాణాలో ఖాతా పుస్తకం మందమైతే ఆ వేగం పోతుంది. పాత దుకాణాల్లో గోడకు తగిలించే 'అప్పు రేపు' బోర్డు ఆ వేగాన్ని కాపాడుకోవడానికే.

పెరిగేటప్పుడే ఎందుకు ఇరుక్కుంటారు

విషయం బాగా తెలియాలంటే ఊహాజనితమైన ఒక ఉదాహరణ చూడాలి. స్కూల్ యూనిఫామ్‌లు కుట్టే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. నెలకు 5 లక్షల అమ్మకం. గుడ్డకు 2.75 లక్షలు, కుట్టుకూలి లక్ష, అద్దె, కరెంటు, రవాణా కలిపి 50 వేలు. ఖర్చు 4.25 లక్షలు పోగా 75 వేలు లాభం. ఎవరు చూసినా బాగానే ఉందంటారు.

ఇప్పుడు రోజులు లెక్కపెడదాం. గుడ్డ వచ్చి, కత్తిరించి, కుట్టి, ప్యాక్ చేసి పంపేసరికి 30 రోజులు. బడివాళ్లు డబ్బిచ్చేది బిల్లు పంపిన 60 రోజులకు. అంటే ఒక నెల ఖర్చు తిరిగి చేతికి రావడానికి 90 రోజులు పడుతుంది. ఎప్పుడు చూసినా మూడు నెలల ఖర్చు, అంటే 12.75 లక్షలు, బయట ఉంటాయి. గుడ్డ హోల్‌సేలర్ 15 రోజుల గడువిస్తాడు కాబట్టి అందులో సుమారు 1.4 లక్షలు తగ్గుతాయి. కూలి, ఇతర ఖర్చులు నెల పొడవునా కొంచెం కొంచెంగా పోతాయి కాబట్టి ఇంకో 75 వేలు తగ్గుతాయి. మిగిలేది 10.6 లక్షలు. నెలకు 75 వేలు సంపాదించడానికి ఈ యూనిట్‌లో ఎప్పుడూ పది లక్షల పైచిలుకు ఇరుక్కుని ఉండాల్సిందే.

ఇంతలో పెద్ద విద్యాసంస్థ ఒకటి అంతే మొత్తానికి ఇంకో ఆర్డర్ ఇచ్చింది. నెల అమ్మకం 10 లక్షలైంది. ఇంట్లో సంతోషం. కానీ అదనంగా ఇంకో 10.6 లక్షలు కావాలి, అదీ ముందే కావాలి. కొత్త ఆర్డర్ మీద నెలకు వచ్చే 75 వేల లాభంలో పైసా వాడుకోకుండా మొత్తం అందులోనే పోసినా, ఆ అదనపు పెట్టుబడి పూడడానికి 14 నెలలు పడుతుంది. ఈ 14 నెలలూ వ్యాపారం బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది, యజమానికి మాత్రం టెన్షన్ తగ్గదు. వ్యాపారం దెబ్బతినే చోటు చాలాసార్లు ఇదే. ఆర్డర్లు లేక మూతపడ్డ షెడ్లు అందరి కంటా పడతాయి. ఆర్డర్లు ఎక్కువై, పెట్టుబడి చాలక మూతపడ్డవాటి సంగతి పెద్దగా చర్చకు రాదు.

దీనికి జీఎస్టీ తోడవుతుంది. అమ్మకంపై పన్ను బిల్లు రాసిన నెలను బట్టి కట్టాలి, డబ్బు వచ్చిన నెలను బట్టి కాదు. ప్రతినెలా రిటర్ను వేసేవారికి గడువు మరుసటి నెల 20. యూనిఫామ్‌ల మీద పన్ను 5 శాతమే, గుడ్డ కొన్నప్పుడు కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులోంచి తగ్గింపుగా పోతుంది కాబట్టి భారం తక్కువ. అదే 18 శాతం పన్నుండే మెషీన్ విడిభాగాలు చేసేవారైతే 5 లక్షల బిల్లు మీద పన్ను 90 వేలు. కొనుగోళ్లపై వచ్చే క్రెడిట్ పోగా మిగిలింది, కస్టమర్ ఇంకా రూపాయి ఇవ్వకముందే సొంత జేబులోంచి కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ.

ఆ ఖాళీని ఏ డబ్బుతో పూడుస్తున్నారు

ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది. పది లక్షలు తక్కువైనప్పుడు ఎక్కడినుంచి తెచ్చారన్నదాన్ని బట్టి అదే ఆర్డర్ లాభమో నష్టమో తేలుతుంది.

తెలుగు ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి అది 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. రోజువారీ ఫైనాన్స్ ఇంకా భారం. 10 వేల అప్పు రాసుకుని చేతికి 9 వేలిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, వంద రోజులూ 9 వేలు వాడుకున్నట్టు కాదు. లెక్క కడితే వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది. కూరగాయల బండికి ఒక్కరోజు సరుకు కొనడానికి ఈ డబ్బు పనికొస్తుందేమో గానీ, 90 రోజుల తర్వాత డబ్బు వచ్చే వ్యాపారాన్ని ఇది తినేస్తుంది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం, ఇలాంటి అప్పులు ఎంత దారుణానికి దారితీయగలవో రాష్ట్రమంతటికీ చూపించింది.

చిట్టీ మరో దారి. క్రమశిక్షణగా పొదుపు చేయించడంలో దానికి విలువ ఉంది. తొందరగా పాడుకున్నవారు ఎక్కువ తగ్గింపు వదులుకోవాలి, ఆ తగ్గింపే వారికి వడ్డీ. 2019 సవరణ తర్వాత నిర్వాహకుల కమీషన్ గరిష్ఠ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. అది కూడా ఖర్చులో కలపాలి. వ్యాపారంలో డబ్బు ఏ నెలలో అవసరమో చిట్టీ పాట ఆ నెలలోనే దక్కుతుందన్న హామీ ఉండదు.

రోజువారీ నిర్వహణకు బ్యాంకు ఇచ్చే వర్కింగ్ క్యాపిటల్ రుణం వీటన్నిటికన్నా చవక. దానికి చాలాకాలంగా అమల్లో ఉన్న సూత్రం ఒకటుంది. 1990ల తొలినాళ్లలో పి.ఆర్. నాయక్ కమిటీ సిఫారసు మేరకు, చిన్న యూనిట్లకు ఏడాది అంచనా అమ్మకాల్లో 25 శాతం నిర్వహణ పెట్టుబడిగా లెక్కేసి, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం యజమాని భరించేలా లిమిట్ ఇస్తారు. పైన చెప్పిన యూనిఫామ్ యూనిట్ ఏడాది అమ్మకం 60 లక్షలు. 20 శాతమంటే 12 లక్షలు. దానికి కావలసింది 10.6 లక్షలు, అంటే అవసరానికి సరిపోతుంది. ఈ లిమిట్‌నే క్యాష్ క్రెడిట్ అంటారు, ఇందులో వాడుకున్న మొత్తానికే వడ్డీ పడుతుంది కాబట్టి, బడుల డబ్బు వచ్చిన రోజున ఖాతాలో వేస్తే ఆ రోజు నుంచే భారం తగ్గుతుంది.

మరి అందరికీ ఎందుకు దొరకదు? ఆస్తి తాకట్టు లేకపోవడం ఒక కారణం. దాని కోసమే, తాకట్టు లేని రుణాలకు బ్యాంకులకు హామీగా నిలిచే క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు 2000లో ఏర్పడింది, 2025 ఏప్రిల్ నుంచి ఆ హామీ పరిమితి 10 కోట్లకు పెరిగింది. కేంద్రం ముద్ర రుణ పథకంలో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు, తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. రెండో కారణం గురించి వ్యాపారులు బయటికి మాట్లాడరు. బిల్లు లేకుండా చేసే జీరో వ్యాపారం. 60 లక్షలు అమ్మి రిటర్నుల్లో 25 లక్షలే చూపిస్తే, బ్యాంకు దృష్టిలో ఆ యూనిట్ అర్హత 5 లక్షలే. మిగిలింది రెండు మూడు రూపాయల వడ్డీకి తేవాల్సిందే. పన్నులో మిగిలిందనుకున్నది వడ్డీలో పోతుంది, చట్టపరమైన భయం అదనం.

ఇంకో పొరపాటు చాలా సాధారణం. సరుకు కోసం ఇచ్చిన లిమిట్‌తో మెషీన్ కొనడం, షాపుకు ఇంటీరియర్ చేయించడం. మెషీన్ పెట్టిన డబ్బును ఐదేళ్లలో తిరిగిస్తుంది. లిమిట్ మాత్రం ఏడాదికోసారి రెన్యువల్‌కు వస్తుంది. మెషీన్‌కు ఏళ్లపాటు వాయిదాల్లో తీర్చే టర్మ్ లోన్, సరుకుకు క్యాష్ క్రెడిట్ అని వేరు చేయకపోతే, సీజన్ వచ్చే సమయానికి గుడ్డ కొనడానికి లిమిట్‌లో చోటే మిగలదు.

బాకీల చట్టం ఎవరికి పనికొస్తుంది

2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు లేదా సేవ తీసుకున్నవారు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు మించరాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేస్తే, ఈ బాకీల వివాదాల కోసమే ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. కాగితం మీద ఇది చాలా బలమైన చట్టం.

అయినా పదిహేనేళ్లకు పైగా పెద్దగా వాడకంలోకి రాకపోవడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. నెలనెలా ఆర్డర్ ఇచ్చే కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే ఒక బిల్లు వసూలు కావచ్చు, తర్వాతి ఆర్డర్ మాత్రం పోతుంది. చట్టం ఇద్దరినీ సమానంగా చూస్తుంది, మార్కెట్ చూడదు.

2023 ఆర్థిక చట్టం ఈ చిక్కును మరో వైపునుంచి పట్టుకుంది. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) నిబంధన ప్రకారం, ఆ గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అంటే ఎవరూ ఫిర్యాదు చేయక్కర్లేదు, ఆలస్యం చేసినవారి పన్ను దానంతటదే పెరుగుతుంది. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. 2024 మొదట్లో సూరత్ వస్త్ర మార్కెట్ నుంచి ఆందోళన వచ్చింది, కొందరు కొనుగోలుదారులు చిన్న యూనిట్ల సరుకు వెనక్కి పంపుతున్నారని, కొనుగోళ్లు రిజిస్ట్రేషన్ లేనివారి వైపు మళ్లుతాయని వ్యాపారులు వాపోయారు. నెలల తరబడి అరువు మీద నడిచే రంగాల్లో ఇది ఊహించదగ్గ ఫలితమే.

ఈ రక్షణకు హద్దులు కూడా ఉన్నాయి. మధ్య తరహా పరిశ్రమలకు వర్తించదు. కొని అమ్మే వ్యాపారులు 2021 జులై నుంచి చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదైన ఉద్యమ్‌లో చేరవచ్చు గానీ, అది బ్యాంకులు ప్రాధాన్యమిచ్చి ఇవ్వాల్సిన ప్రాధాన్య రంగ రుణాల వరకే, బాకీల నిబంధన వారికి పనిచేయదు. అందుకే యూనిఫామ్ కుట్టి అమ్మేవారికి ఈ రక్షణ ఉంటుంది, తయారైన యూనిఫామ్ కొని అమ్మేవారికి ఉండదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సరుకు పంపకముందే చేసుకుని, బిల్లు మీద ఆ నంబరు, చెల్లింపు గడువు అచ్చువేయడం తేలికైన పని. బాకీ మొండికేశాక రిజిస్టర్ చేసుకుంటే పాత బిల్లులకు వర్తింపజేసుకోవడం కష్టమవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ పరిశ్రమ హద్దు 2.5 కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవర్‌కు, చిన్న పరిశ్రమ హద్దు 25 కోట్లు, 100 కోట్లకు పెరిగింది కాబట్టి ఎక్కువ యూనిట్లు దీని కిందకు వస్తున్నాయి.

పెద్ద కంపెనీలకు సరుకిచ్చేవారికి ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికలు మరో మార్గం. కొనుగోలుదారు ఆమోదించిన బిల్లును అక్కడ బ్యాంకులు వేలంలో తక్కువ వడ్డీకి పోటీపడి కొంటాయి. కంపెనీ తర్వాత కట్టకపోయినా ఆ భారం అమ్మినవారి మీద పడదు. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు 2025 మార్చి 31లోగా ఇందులో చేరాలని కేంద్రం చెప్పింది. చేరడం వేరు, బిల్లును ఆమోదించడం వేరు. కొనుగోలుదారు ఆమోదించనిదే వేలం జరగదు.

ఖాతాలు, పరిమితులు

డబ్బు ఎక్కడ ఆగిందో కనిపించాలంటే ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు విడివిడిగా ఉండాలి. గల్లాలోంచి తీసి కూరగాయలు తెచ్చుకుంటే, పిల్లల ఫీజు కట్టేస్తే, నెల చివర ఏ లెక్కా తేలదు. యజమాని తనకు నెలకింతని జీతం పెట్టుకుంటే ఇల్లూ నడుస్తుంది, వ్యాపారం అసలు రంగూ తెలుస్తుంది.

విడి ఖాతా అవసరాన్ని 2025 జులైలో బెంగళూరు ఘటనలు మరోసారి గుర్తుచేశాయి. యూపీఐ జమల ఆధారంగా చిన్న దుకాణదారులకు అక్కడి పన్ను శాఖ నోటీసులిచ్చింది. కొన్ని దుకాణాల్లో 'యూపీఐ వద్దు, నగదే ఇవ్వండి' అని బోర్డులు వెలిశాయి. ఖాతాలో పడ్డ ప్రతి రూపాయీ అమ్మకం కాదు. బావమరిది పంపిన చేబదులు, చిట్టీ డబ్బు కూడా అందులోనే ఉంటాయి. వాటిని వేరుగా చూపించలేకపోవడమే చిక్కు. తెలుగు రాష్ట్రాల మధ్య ఇక్కడ ఒక తేడా ఉంది. సరుకు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలైతే తెలంగాణలో 20 లక్షలే. సేవలకు రెండుచోట్లా 20 లక్షలు. విజయవాడలో బంధువుకు వర్తించిన లెక్క ఖమ్మంలో పనికిరాదు.

1.5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న దుకాణాలకు జీఎస్టీలోని కాంపొజిషన్ పథకం టర్నోవర్ మీద ఒక శాతం పన్నుతో ముగుస్తుంది, హోటళ్లకు 5 శాతం. నేరుగా ఇంటి కస్టమర్లకు అమ్మేవారికి ఇది హాయి. కంపెనీలకు అమ్మేవారికి మాత్రం కుదరదు, వారి బిల్లు మీద కొనుగోలుదారుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కాబట్టి ఆర్డరే వేరేచోటికి పోతుంది. వ్యాపారం పెంచుకునే ఆలోచన ఉంటే పన్ను శాతంతో పాటు రేపు ఎవరికి అమ్మబోతున్నారన్నది కూడా చూసి ఎంచుకోవాలి.

పెద్ద ఆర్డర్ ముందు వేయాల్సిన లెక్క

పాత ఉదాహరణకే తిరిగి వద్దాం. కొత్త విద్యాసంస్థతో ఒప్పందం చేసుకునేటప్పుడు ధర గురించే బేరమాడడం అలవాటు. రోజుల గురించి కూడా బేరమాడితే ఏమవుతుందో చూడాలి. 30 శాతం అడ్వాన్సు, మిగతాది 60 రోజులకు బదులు చట్టం చెప్పిన 45 రోజుల్లో, దానికి బదులుగా ధరలో 2 శాతం తగ్గింపు అనుకుందాం. అప్పుడు 90 రోజుల చక్రం 75 రోజులవుతుంది. ఇరుక్కునే మొత్తం 10.6 లక్షల నుంచి సుమారు 8.5 లక్షలకు వస్తుంది. నెలకు లక్షన్నర చొప్పున ముందే అందే అడ్వాన్సులు రెండున్నర నెలలు చేతిలో ఉంటాయి కాబట్టి అందులో ఇంకో 3.7 లక్షలు తగ్గుతాయి. యజమాని తేవాల్సింది 4.8 లక్షలు. తగ్గింపు పోగా నెల లాభం 65 వేలు. పెట్టుబడి పూడడానికి 14 నెలలకు బదులు ఏడున్నర నెలలు చాలు.

ఈ తగ్గింపు ఇవ్వడం లాభమా నష్టమా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. తగ్గింపు ఖర్చు నెలకు 10 వేలు. దానివల్ల అప్పు తేవాల్సిన అవసరం తప్పింది 5.8 లక్షలకు. బ్యాంకులో 12 శాతానికి లిమిట్ ఉన్న యూనిట్‌కు ఆ మొత్తం మీద వడ్డీ నెలకు 5,800 మాత్రమే. అలాంటివారు తగ్గింపు ఇవ్వకుండా పూర్తి ధర అడిగి, లిమిట్ వాడుకోవడమే మేలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవారికి అదే వడ్డీ నెలకు 11,600 అవుతుంది. వారికి 2 శాతం తగ్గించి అడ్వాన్సు తీసుకోవడమే చవక. మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవారికి 17,400. అలాంటి యూనిట్ 3 శాతం తగ్గించి నెలకు 15 వేలు వదులుకున్నా, వడ్డీతో పోలిస్తే ఇంకా రెండు వేల పైనే మిగులుతుంది.